వంటశాలలో సిద్ధమ్మ మాటలు

పుంగనూరులో ఎవరింట్లోనైనా పెళ్ళి కుదిరితే, ముహూర్తం పెట్టించుకున్న మరుసటి రోజే రెడ్డెప్ప ఇంటికి మనిషి వచ్చేవాడు. వంటకు రెడ్డెప్ప ఒప్పుకున్నాకే మండపం మాట, పత్రికల మాట. ఇరవై ఏళ్ళుగా అతను పెళ్ళి వంటలు చేస్తున్నాడు. ఇటు పెద్దపంజాణి పల్లెల నుంచి మదనపల్లె దాకా, అటు కుప్పం దాకా అతని చేతి పప్పు తినని ఇల్లు తక్కువ.

రెడ్డెప్ప వండేటప్పుడు రుచి చూడడు. చూడకూడదు కూడా. దేవుడికి పెట్టకముందు పెళ్ళి వంట ఎవరి నోట్లోనూ పడకూడదని ఆ వైపు కట్టుబాటు. అందుకని అతని పనంతా ముక్కుతోనే. ఉడుకుతున్న గుండిగ మీదికి వంగి, కళ్ళు మూసుకుని ఒకసారి ఆవిరి పీల్చేవాడు. "పసుపు పచ్చి పోలేదు, ఇంగా ఉడకనీ" అనేవాడు. "ఇంగో పిడికెడు ఉప్పు" అనేవాడు. ఆ మాట తప్పిందని ఎవరూ అనగా వినలేదు.

అతని వెంట ఇద్దరు ఉండేవాళ్ళు. గాడిపొయ్యి తవ్వి, కట్టెలు ఎగదోసి, గుండిగలు దించే వెంకటముని ఒకడు. నలభై ఏళ్ళ మనిషి, చేతులు రోకళ్ళలాగా ఉంటాయి, మాట మాత్రం పొదుపు. రెండో మనిషి సిద్ధమ్మ. కూరగాయలు తరగడం, రుబ్బడం, బియ్యం కడగడం ఆమె పని. రెడ్డెప్ప కన్నా నాలుగైదేళ్ళు పెద్దది. భర్త పోయి చాలా కాలమైంది. వెంకటముని పొదుపుగానైనా మాట్లాడేవాడు. సిద్ధమ్మకు అదీ లేదు. కత్తిపీట ముందు కూర్చుంటే పని ముగిసేదాకా ఆమె గొంతు వినిపించేది కాదు.

1997 వానాకాలంలో రెడ్డెప్పకు జ్వరం తగిలింది. పన్నెండు రోజులు మంచం మీద ఉన్నాడు. జ్వరం తగ్గింది, కాళ్ళలో బలం వచ్చింది, అన్నం మాత్రం మట్టిలాగా ఉంది. జ్వరం నోరు కదా, నాలుగు రోజులు పోతే సరవుతుందని అతనూ, అతని భార్య గోవిందమ్మా అనుకున్నారు.

ఒక ఆదివారం సాయంత్రం గోవిందమ్మ పాలు పొయ్యి మీద పెట్టి, ఆవులకు మేత వేయడానికి పెరట్లోకి పోయింది. రెడ్డెప్ప ముందు గదిలో టీవీలో సినిమా చూస్తున్నాడు. కాసేపటికి ఎదురింటావిడ గుమ్మంలోకి వచ్చి, "ఏమప్పా, మీ ఇంట్లో ఏమో మాడిపోతాండాది, వాసన మా ఇంటిదాకా వస్తాండాది" అంది. రెడ్డెప్ప తల తిప్పి చూశాడు. వంటింట్లోంచి నల్లటి పొగ కదిలి వస్తోంది. పది అడుగుల దూరంలో పాలన్నీ పొంగి, ఇగిరి, గిన్నె బొగ్గయిపోయినా అతనికి తెలియలేదు.

గోవిందమ్మ పరుగున వచ్చి పొయ్యి ఆపి, కిటికీ తెరిచి, భర్త ముఖం చూసింది. ఎదురింటావిడ వెళ్ళిపోయాక ఇంగువ డబ్బా తెచ్చి మూత తీసి అతని ముక్కు దగ్గర పెట్టింది.

"ఏమొస్తాండాది?"

రెడ్డెప్ప గట్టిగా పీల్చాడు. మళ్ళీ పీల్చాడు.

"ఏమీ రాలేదు" అన్నాడు.

ఆమె కాఫీ పొడి తెచ్చింది, వెల్లుల్లి చిదిమి తెచ్చింది, చివరికి కిరసనాయిలు సీసా కూడా తెచ్చింది. ఏదీ లేదు. నాలుక మీద ఉప్పు వేస్తే ఉప్పని, బెల్లం వేస్తే తీపని లీలగా తెలిసేది, అంతే. అది బెల్లమో చక్కెరో చెప్పలేకపోయాడు.

"ఈ సంగతి ఎవురికీ తెలియకూడదు" అన్నాడు రెడ్డెప్ప. "వాసన తెలీని వంటోన్ని ఎవురు పిలుస్తారు?"

"సిద్ధమ్మకన్నా సెప్పు. కూడా ఉండే మనిషి."

"ఎవురికీ వద్దు."

మాఘమాసంలో కుప్పంలో చెనక్కాయల వ్యాపారి ఇంటి పెళ్ళి వచ్చింది. జ్వరం తరువాత అదే అతని మొదటి పెద్ద వంట. ఇరవై ఏళ్ళ అలవాటు చేతుల్లో ఉంది కదా అని ధైర్యం తెచ్చుకున్నాడు. ఎన్ని శేర్ల కందిబేడలకు ఎన్ని పిడికిళ్ళ ఉప్పో, తాలింపు ఎంతసేపో, కంటికీ చేతికీ తెలియనిది కాదు. ఆవాలు చిటపటలాడితే చెవికి తెలుస్తుంది. ఉల్లిపాయ రంగు మారితే కంటికి తెలుస్తుంది. ముక్కుకు మాత్రమే తెలిసేవి ఏవేవో ఆలోచించి, అవి ఎక్కువ లేవని తనకు తానే చెప్పుకున్నాడు.

ఆ ఇంట్లో కల్లుప్పు లేదు. ఇంటి యజమాని పొడి ఉప్పు పొట్లాలు తెప్పించి పెట్టాడు. "టీవీలో దినమ్మూ సెప్తాండారు రెడ్డెప్పా, గొంతు వాపు రాకుండా ఈ ఉప్పే తినాలంట" అన్నాడు. రెడ్డెప్ప సరేనన్నాడు. పప్పులోకి ఎప్పటి లెక్క ప్రకారమే పిడికిళ్ళతో వేశాడు. తెడ్డుతో కలిపాడు. పక్కన మనుషులు ఉన్నారు కాబట్టి ఎప్పటిలాగే గుండిగ మీదికి వంగి, కళ్ళు మూసుకుని ఆవిరి పీల్చాడు. ముఖానికి వేడి తగిలింది. ఇంకేమీ తెలియలేదు. లేచి తల ఊపాడు.

అప్పుడు కత్తిపీట దగ్గర్నుంచి సిద్ధమ్మ లేచి వచ్చింది.

"అప్పా, బస్సుల్లో జనం దిగతానే ఉండారు. ఈ పప్పు సాలదేమో. ఇంగో రెండు శేర్ల బేడలు ఉప్పు లేకుండా ఉడకేసి ఇందులో కలిపితే సరిపోతాది" అంది.

సిద్ధమ్మ అంత పొడుగు మాట మాట్లాడటం అతను ఎప్పుడూ వినలేదు. పందిట్లోకి తొంగి చూశాడు. జనం నిజంగానే ఎక్కువగా ఉన్నారు. "అట్లనే కానీ" అన్నాడు. వెంకటముని రెండో పొయ్యి రాజేశాడు. ఆ పూట పప్పు బాగుందని పెళ్ళికొడుకు తరఫు పెద్దాయన విస్తరి ముందు నుంచే కబురు పంపాడు. రెడ్డెప్ప మనసు కుదుటపడింది. పని తన చేతుల్లోనే ఉందనుకున్నాడు.

ఆ రోజు నుంచి సిద్ధమ్మ మాటకారి అయిపోయింది. వంటశాలలో అడుగుపెడితే చాలు, నోరు ఆగేది కాదు. కత్తిపీట తెచ్చి గుండిగల పక్కనే వేసుకునేది. "అబ్బ, దనియాలు వేగిన వాసన, ఇంగ సాలు" అనేది తనలో తనే అనుకుంటున్నట్టు. "ఈ పెరుగు పులిసిండాది, మజ్జిగ పులుసుకు బాగుంటాది, అన్నంలోకి వద్దు" అనేది. "వెంకటమునీ, కట్టె కొంచెం వెనక్కి లాగప్పా, పాయసం అడుగంటే వాసన వస్తాండాది" అని కేక వేసేది. వయసు మీద పడి ఈమెకు వాగుడు వచ్చిందనుకున్నాడు రెడ్డెప్ప. ఒక్కోసారి విసుగు కూడా వచ్చేది. అయినా ఆ మాటలు చెవిన పడేవి. చెవిన పడ్డది చేతులు చేసేవి. ఇలా చేస్తున్నానని అతనికే తెలియకుండా అయిదేళ్ళు గడిచాయి. ఆ అయిదేళ్ళలో అతని పేరు పెరిగిందే తప్ప తగ్గలేదు.

ఇంట్లో గోవిందమ్మ జాగ్రత్త గోవిందమ్మది. మిగిలిన కూర ఆమె వాసన చూసి పెడితేనే అతను తినేవాడు. గ్యాస్ పొయ్యి దగ్గరికి అతన్ని రానిచ్చేది కాదు.

2003లో సిద్ధమ్మ కళ్ళకు శుక్లాలు ముదిరాయి. తరిగిన వంకాయ ముక్కలో పురుగు కనిపించడం లేదని ఆమే చెప్పింది. మదనపల్లెలో మిషన్ ఆస్పత్రిలో చేర్చుకుని కుడికంటికి ఆపరేషన్ చేశారు. సరిగ్గా ఆ మరుసటి రోజే అదే ఊళ్ళో, నీరుగట్టువారిపల్లెలో, పట్టుచీరలు నేయించే వాళ్ళింట్లో పెళ్ళి. ఎప్పుడో ఒప్పుకున్న వంట. రెడ్డెప్ప సిద్ధమ్మ బదులు ఇంకో ఇద్దరు ఆడవాళ్ళను తరగడానికి పెట్టుకుని, వెంకటమునితో కలిసి వెళ్ళాడు.

తెల్లారేసరికి పొయ్యిలు అంటుకున్నాయి. ఆడవాళ్ళు వంచిన తల ఎత్తకుండా తరుగుతున్నారు. సాంబారు మరుగుతోంది. బాణలిలో వడలకు నూనె కాగుతోంది. రెడ్డెప్ప తెడ్డు పట్టుకుని నిలబడ్డాడు. దేనికోసమో ఎదురు చూస్తున్నట్టు నిలబడే ఉన్నాడు. ఎందుకు నిలబడ్డాడో అతనికే అర్థం కాలేదు. కట్టెలు చిటపటమంటున్నాయి, సాంబారు కుతకుతమంటోంది. మనిషి మాట లేదు.

అప్పుడు తెలిసింది. తాను ఎదురు చూస్తున్నది సిద్ధమ్మ గొంతు కోసం.

దనియాల మాట, పెరుగు మాట, అడుగంటిన పాయసం మాట అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. కుప్పంలో ఉప్పు లేకుండా ఉడికించి కలిపించిన బేడలు గుర్తొచ్చాయి. అక్కడున్న బియ్యం మూట మీద కూర్చున్నాడు. ఈ అయిదేళ్ళూ వంట చేసింది తన ముక్కు కాదు, అలవాటు కాదు. ఆమె చెబుతూ వచ్చింది, తాను చేస్తూ వచ్చాడు.

వెంకటముని వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. తువ్వాలు పిండుతున్నట్టు మెలిపెడుతున్నాడు.

"వెంకటమునీ, నీకో మాట సెప్పాల. నాకు వాసన తెలీదు. జ్వరం వచ్చినప్పటి నుంచీ తెలీదు."

"తెలుసన్నా" అన్నాడు వెంకటముని.

రెడ్డెప్ప తల ఎత్తి చూశాడు.

"నిన్న ఆస్పత్రిలో సిద్ధక్క సెప్పింది. 'నేను లేను కదా, నువ్వు గమ్మునుండొద్దు, వాసన సూసి నోరు తెరిసి మాట్లాడతా ఉండు, ఆయనకు సెప్పినట్టు ఉండకూడదు' అనె. పొద్దున్నించీ సూస్తాండాను, ఏం మాట్లాడాల్నో నాకు రాలేదన్నా. బాణలిలో నూనె కంపు కొడతాండాది. అది ఎట్ల సెప్పాల్నా అని నిలబడుకోని ఉండాను."

రెడ్డెప్పకు నవ్వు వచ్చింది. నవ్వుతుంటే కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి. లేచి బాణలి దింపించాడు. తెచ్చిన నూనె డబ్బాలు ఒక్కొక్కటే వెంకటముని ముక్కు ముందు పెట్టించాడు. ఒక్కటే చెడ్డది. దాన్ని పక్కన పెట్టి, బాణలి కడిగించి, కొత్త నూనె పోయించాడు.

తరువాత చేతులు కడుక్కుని ఇంటి పెద్దావిడ పార్వతమ్మ దగ్గరికి పోయాడు. ఆమె పసుపు కుంకుమ పళ్ళెం సర్దుతూ ఉంది. దాచడం ఇంక తన వల్ల కాదనిపించి, నిలబడే మొత్తం చెప్పాడు. ముక్కు పని చేయదనీ, ఇన్నాళ్ళూ తన వెంట ఉండే ఆమె ముక్కుతో నెట్టుకొచ్చాననీ, ఈ రోజు ఆమె లేదనీ.

పార్వతమ్మ పళ్ళెం కింద పెట్టింది. "మా పెద్దపాప పెండ్లికి మూడేండ్ల కింద నువ్వే కదా వండితివి?"

"నేనేనమ్మా."

"అప్పుడూ ఇట్లనేనా?"

"అప్పుడూ ఇంతేనమ్మా."

"ఆ సాంబారు కత మా ఇంట్లో ఇంగా సెప్పుకుంటాండారు" అంది ఆమె. "ఈ పొద్దుకు నేనొచ్చి వాసన సూస్తా పద."

పట్టుచీర కొంగు నడుముకు దోపి ఆమె వంటశాలలోకి వచ్చింది. కుర్చీ వేయించుకుని ముహూర్తం పిలుపు వచ్చేదాకా గుండిగల పక్కనే కూర్చుంది. రెడ్డెప్ప అడగడం, ఆమె చెప్పడం. అయిదేళ్ళలో అతను నోరు తెరిచి అడగడం అదే మొదలు. ఆ పూట వంటకు ఏ వంకా రాలేదు.

మధ్యాహ్నం బంతులు ముగిశాక రెడ్డెప్ప ఒక క్యారియర్‌లో భోజనం సర్దుకుని ఆస్పత్రికి పోయాడు. కళ్ళ వార్డులో చివరి మంచం మీద సిద్ధమ్మ కూర్చుని ఉంది. కుడికంటికి కట్టు. ఎడమకంట్లో శుక్లం అలాగే ఉంది కాబట్టి ఆ కంటికీ మనిషి ఆనవాలు తెలియదు. అతను మంచం దగ్గరికి రాకముందే ఆమె తల ఇటు తిప్పింది.

"ఇంగువ వాసన వస్తాండాది. రెడ్డెప్పా, నువ్వేనా?"

స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"వడలు బాగా వచ్చెనా?" అంది.

"వచ్చె. సిద్ధమ్మా, నీకు ఎప్పుడు తెలిసె?"

"వాడు సెప్పేసినాడా" అంది. తరువాత, "కుప్పంలో తెలిసె. ఆవిరికి వంగితివి కదా. ముందు వంగినప్పుడు నీ ముఖం వేరేగా ఉంటాండె. ఆ పొద్దు సెవిటోడు మైకు ముందర కూసున్నట్టు ఉంటివి. దాని పైన కల్లుప్పు లెక్కకే పొడి ఉప్పు పిడికిళ్ళు పిడికిళ్ళు ఏస్తివి, ఉప్పు ఎక్కువైపోయె" అంది.

"యాల సెప్పలేదు?"

"నువ్వు దాసుకుంటాంటే నేను యాల బయట పెట్టాల? దాసుకోవాల్సి వస్తే ఎట్లుంటాదో నాకు తెలుసప్పా."

రెడ్డెప్పకు అర్థం కాలేదు. ఆమే చెప్పింది. భర్త పోయిన కొత్తలో, పెళ్ళి వంటల్లోకి విధవను రానివ్వరని, ఆమె నుదుట బొట్టు పెట్టుకుని గుడుపల్లెలో ఒక పెళ్ళికి పనికి వచ్చిందట. అప్పటికి రెడ్డెప్ప దగ్గర చేరి నెల కూడా కాలేదు. ఆ ఇంటి ముసలమ్మ ఒకామెకు అనుమానం వచ్చి, 'ఈమె మొగుడు ఏం సేస్తాడు' అని రెడ్డెప్పనే అడిగిందట.

"'ఆమె నా మనిషి, ఏమన్నా అడగాలంటే నన్ను అడగండి, ముందు బియ్యం కొలిసియ్యండి' అంటివి. మా ఆయన పోయింది నీకు తెలుసు. ఆ పొద్దు నా నుదురు సూస్తివి. మళ్ళీ ఎప్పుడూ దాని మాట ఎత్తలేదు. నేను కూలి పని సేసుకోని ఇద్దరు ఆడబిడ్డల్ని పెంచుకున్నింది దాని వల్లనే."

రెడ్డెప్ప ఎంత ఆలోచించినా ఆ గుడుపల్లె పెళ్ళి గుర్తుకు రాలేదు. అన్ని పెళ్ళిళ్ళలో అదొకటి. ఆ మాట చెబితే ఆమె నవ్వింది. "నీకు గుర్తు ఉండాల్సిన పని లేదు. నాకు ఉండాది కదా" అంది.

"దానికి బదులుగానా ఇదంతా?"

"బదులేంది? వంట సెడిపోతే తినే జనం గతి ఏం కావాల?"

అతను క్యారియర్ విప్పి, గిన్నెలు పక్కన పేర్చి, అన్నం కలిపి ఆమె చేతికి ఇచ్చాడు. పాతికేళ్ళుగా వేల మందికి వండిన మనిషి, ఒక్కరికి అలా చేతికి అందించడం ఎప్పుడూ లేదు. రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు. ఆమెకు అది కనిపించలేదు. కనిపించకపోవడమే మంచిదనుకున్నాడు, చూస్తే తిట్టేది.

కంట్లో మందు వేయడానికి వచ్చిన నర్సు జెమీమా ఈ మాటలన్నీ విననే వింది. మందు వేశాక రెడ్డెప్పను వదల్లేదు. "అయిదేళ్ళుగా ఒక్క డాక్టరుకు కూడా సూపించుకోలేదా అప్పా? ఇంత దూరం వచ్చినారు కదా, రండి" అని కింద చెవి, ముక్కు డాక్టరు దగ్గరికి తనే పిల్చుకుపోయింది.

డాక్టరు లైటు వేసి చూశాడు, రెండు మూడు సీసాలు వాసన చూపించాడు. "జ్వరంలో వాసన తెలిపే నరం దెబ్బతినింది. ఇన్నేళ్ళు గడిచాక తిరిగొస్తుందని నేను ఆశ పెట్టలేను" అన్నాడు. తరువాత, ఇంట్లో గ్యాస్ ఉందా అని అడిగి, వంట కాగానే సిలిండర్ దగ్గరే కట్టేయాలనీ, పాలు గానీ మిగిలిన కూర గానీ ఇంకొకరు చూడకుండా నోట పెట్టుకోవద్దనీ చెప్పాడు.

సాయంత్రం బస్సులో పుంగనూరు చేరి రెడ్డెప్ప అదంతా గోవిందమ్మకు చెప్పాడు.

"అయిదేండ్లుగా నేను సేస్తాండేది అదే కదప్పా" అంది ఆమె, కాఫీ గ్లాసు అందిస్తూ. ఆ మాట నిజమే. గ్లాసు అందుకుంటూ, ఇన్నాళ్ళూ ఆమెకు ఒక్క మంచి మాట కూడా చెప్పలేదని అతనికి తోచింది. "నువ్వు లేకుంటే ఎప్పుడో పోయుందును" అన్నాడు. గోవిందమ్మ ఆవులకు నీళ్ళు పెట్టాలంటూ లేచిపోయింది.

నరం బాగుపడలేదు. డాక్టరు చెప్పినట్టే అయింది. కానీ రెడ్డెప్ప ఇక దాచలేదు. వంటకు అడగడానికి ఎవరు వచ్చినా ముందే చెప్పేసేవాడు: "నాకు వాసన తెలీదు. సిద్ధమ్మకు వీలయిన దినమే నేను వచ్చేది." ఇద్దరు ముగ్గురు వెనక్కి పోయారు. మిగిలినవాళ్ళు సిద్ధమ్మ ఇల్లు ఎక్కడ అని అడిగి, ఆమె దగ్గర తారీకు ఖాయం చేసుకుని మళ్ళీ వచ్చేవాళ్ళు.

ఆ ఏడు మాఘంలో పెద్దపంజాణిలో పెళ్ళి. సిద్ధమ్మ రెండు కళ్ళకూ ఆపరేషన్ అయి, నల్లద్దాలు పెట్టుకుని వచ్చింది. రెడ్డెప్ప ఆమెను కత్తిపీట ముందు కూర్చోనివ్వలేదు. పొయ్యిల పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. నలుగురి ముందూ గట్టిగానే అడిగేవాడు, ఆమె గట్టిగానే చెప్పేది. దేనికీ సాకులు వెతకాల్సిన అవసరం లేకపోయేసరికి ఆమె మాటలు మళ్ళీ తగ్గిపోయాయి. "సాలు." "ఇంగా కాలేదు." "దించు." అంతే.

చివరి బంతి కూడా లేచాక ముగ్గురూ విస్తళ్ళు వేసుకుని పందిరి నీడలో కూర్చున్నారు. వెంకటముని వడ్డించాడు. రెడ్డెప్ప అన్నంలో పప్పు కలిపి ఒక ముద్ద తిన్నాడు. ఎప్పటిలాగే మెత్తదనం, వేడి, ఎక్కడో లీలగా ఉప్పు. పక్కకు తిరిగాడు.

"సిద్ధమ్మా, ఎట్లుండాదో సెప్పు. నేను తింటా వింటా."

ఆమె నల్లద్దాలు తీసి ఒడిలో పెట్టుకుంది. నిదానంగా నమిలింది. "పప్పులో సింతపండు కొంచెం ముందర తగలతాది, దాని ఎనకాల ఇంగువ వస్తాది" అంది. "మెంతులు నువ్వు సరిగ్గా ఏపినావు, సేదు లేదు. నెయ్యి పచ్చిమేత తినిన ఆవుది. ఇంగ వంకాయ తిను, అది సెప్తా."

రెడ్డెప్ప వంకాయ ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆమె చెబుతూ ఉంది, అతను తింటూ ఉన్నాడు. జ్వరం వచ్చాక మొట్టమొదటిసారి, వెంకటమునిని పిలిచి మారు అన్నం అడిగాడు.